నలుగురిని అడిగి నేర్చిన తెలుగు

తిమ్మాజిపేటలో ఇప్పుడు ఏ పోరగాడి చేతిలో చూసినా తెలుగు రాసే ఫోనే. నోటితో చెబితే అదే రాసిపెడుతుంది. సంతోషమే. ఆ తెలుగు ఫోన్లోకి ఎట్ల వచ్చిందిరా అంటే మాత్రం ఒక్కడూ చెప్పడు. తెలిసినవాళ్లను పోయి అడుగుదామన్న ధ్యాస కూడా లేదు. నా కోపమంతా అక్కడే.

మా రోజుల్లో డీటీపీ, అంటే కంప్యూటరు మీద పేజీలు కూర్చే పని, నేర్వాలంటే జడ్చర్ల పోవాలె. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పని మొత్తం తెలిసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. సీసపు అచ్చులు పేర్చిన కంపోజిటర్ తాతకు కీబోర్డు రాదు. వత్తు ఏ అక్షరం కింద ఎంత జరగాలో మాత్రం చూడంగనే చెప్పేవాడు. డాస్ చదివొచ్చిన డిప్లొమా పిల్లగాడు గుణింతాలు తప్పేవాడు, మిషన్ ఎందుకు ఆగిందో వాడికే తెలిసేది. సర్కారు ఆఫీసులో, కంప్యూటరు మీద తెలుగు చూపే జిస్ట్ కార్డు మీద ఇన్‌స్క్రిప్ట్ కొట్టే సారు సాయంత్రం వచ్చి కూర్చుంటే, అనులో మేం వాడే యాపిల్ కీబోర్డు వరసకూ ఆయన కీబోర్డు వరసకూ ఉన్న తేడా మీద వాదన గంటసేపు నడిచేది. ప్రూఫు దిద్దే పంతులు గారి తిట్లు వేరే. తిట్టినా, తప్పు ఎందుకు తప్పో చెప్పి తిట్టేవారు.

దూరదేశంలోనూ ఇదే తీరు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టారు. దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు చేశారు. 2003లో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జున పాత ఫాంట్ల రాతను అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ రాశారు. దాని ఆధారంగా వీవెన్ ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చూపే ‘లేఖిని’ తెచ్చారు. ఒకరి పని మీద ఇంకొకరు నిలబడ్డారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 2008 నాటి సంగతి. ఆ ఏడు వచ్చిన యూనికోడ్ 5.1లో ధాన్యం కొలిచే తూముకు గుర్తు చేరింది, నాలుగో వంతుల లెక్కన తరిగే పాత తెలుగు భిన్నాల గుర్తులూ చేరాయి. వాటిని ప్రతిపాదించింది నాగార్జునే. పాత లెక్కలు ఎరిగిన చదువూ కంప్యూటరు ఎరిగిన చదువూ ఒకచోట కలవకపోతే తూముకు అక్కడ చోటు దొరికేదే కాదు.

ఇప్పటి పిల్లలు? అనులో కొట్టిన పెండ్లి పత్రిక రాతను వాట్సాప్‌లో పెడితే ఇంగ్లీషు పిచ్చిగీతలు వస్తాయి. ఫోన్లో వెతుకుతారు, దొరకకపోతే మొత్తం మళ్లీ కొడతారు. అను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెట్టిందనీ, యూనికోడ్ ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చిందనీ పాత డీటీపీ వాడెవడైనా ఒక్క నిమిషంలో చెప్తాడు. మార్చే ఉపాయం కూడా చూపిస్తాడు. అడగరే!

పిల్లలారా, ఆ కంపోజిటర్లు, ఆపరేటర్లు, పాత లెక్కలు చదవగల ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. ఈ ఆదివారమే ఒకరి దగ్గరికి పోయి కూర్చోండి. ఫోను జేబులో పెట్టి అడగండి.