గాజుపెట్టెలోని విజ్డెన్ ఆత్మకథ

ఈ పుస్తకం తన కథ చెప్పుకుంటూ ‘నేను’ అనదు. అది ఇంటి ఆచారం. స్కోరుకార్డులో ఏ ఆటగాడూ ‘నేను’ అనడు కదా! పేరు, ఔటైన తీరు, చేసిన పరుగులు, అంతే. ఆ లెక్కన దీని పేరు విజ్డెన్ క్రికెటర్స్ ఆల్మనాక్, 1939 సంచిక. ఉండేది లండన్‌లో, లార్డ్స్ మైదానం మ్యూజియంలో. ఇంకా నాటౌట్.

వంశానికి మూలపురుషుడు జాన్ విజ్డెన్. మనిషి పొట్టి, బౌలింగ్ గట్టి. 1850లో లార్డ్స్‌లోనే ఒక ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ తీశాడు. పదీ బౌల్డే, ఫీల్డర్ల సాయం లేకుండా. ఆట మానేశాక లండన్‌లో క్రీడాసామగ్రి దుకాణం నడుపుకుంటూ, 1864లో 112 పేజీల క్రికెట్ వార్షిక పుస్తకం వేసి ఒక షిల్లింగుకు అమ్మాడు. అప్పటికే బజారులో ఫ్రెడ్ లిల్లీవైట్ గైడు ఉంది. ఆ లిల్లీవైట్ ఎవరో కాదు, విజ్డెన్‌తో విడిపోయిన పాత వ్యాపార భాగస్వామే.

మొదటి సంచికకు సరుకు చాలలేదు. చార్లెస్ రాజు విచారణ జరిగిన తేదీ, కాలువల పొడవులు, డెర్బీ గుర్రప్పందాల విజేతలు కూడా అందులోకి ఎక్కాయి. క్రికెట్ పుస్తకంలో కాలువల గొడవ ఏమిటని ఈనాటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ! పేజీలు నిండలేదని కాలువలు తెచ్చి పెట్టారు గానీ, లేని పరుగులు తెచ్చి పెట్టలేదు. మ్యాచ్‌ల మీద వ్యాఖ్యలు చేయబోమని, మంచిచెడ్డలు పాఠకుడే తేల్చుకోవాలని ముందే చెప్పేశారు. ఆట ఎలా సాగిందో రాయడం 1870 సంచికతో గానీ మొదలు కాలేదు.

ఇల్లు పెరిగింది నెమ్మదిగానే. 1889లో ఆరుగురు బౌలర్ల ఫొటోలు వేశారు. ఏటా మేటి క్రికెటర్లను ఎంచి గౌరవించే ఆనవాయితీకి అదే నాంది. సిడ్నీ పార్డన్ 1891 నుంచి 1925 దాకా సంపాదకుడిగా ఉండి, దీన్ని క్రికెట్ లోకం తలవంచే పుస్తకంగా తీర్చాడు. 1933 సంచిక ఎంచిన వారిలో నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగువాడు సి.కె. నాయుడు ఉన్నాడు. హైదరాబాద్ వాళ్లకు ఆ మర్యాద తర్వాత దక్కింది: అజరుద్దీన్‌కు 1991లో, లక్ష్మణ్‌కు 2002లో.

ఇక దీని సొంత సంగతి. ఒక్క ఏడాది ముందే, అంటే 1938లో, ఆ ఇంటికి పసుపు అట్ట, దాని మీద ఎరిక్ రవీలియస్ చెక్కిన టోపీల క్రికెటర్ల బొమ్మ వచ్చాయి. లోపల లెన్ హట్టన్ ఓవల్‌లో చేసిన 364 పరుగులున్నాయి. ఈ సంచిక ఎంచిన మేటి క్రికెటర్లలో ఒకడైన కెన్ ఫార్న్స్ రెండేళ్లకే విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఈ ప్రతి సొంతదారు క్రీడా విలేకరి ఇ.డబ్ల్యు. స్వాంటన్. యుద్ధానికి వెళుతూ పుస్తకాన్నీ వెంటబెట్టుకున్నాడు.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమైంది. యజమానీ పుస్తకమూ ఖైదీలయ్యారు. సియాం–బర్మా రైలుమార్గం కోసం ఖైదీల చేత వెట్టి చేయించిన రోజులవి. జపాన్ సెన్సారు అధికారి పుస్తకం తిరగేసి, విద్రోహకరం కాదని ముద్ర కొట్టాడు. బతికించిన ముద్రే అయినా దీనికి ఇప్పటికీ చిన్న రోషం: ఇన్ని వందల పేజీల్లో భయపడాల్సింది ఒక్కటీ కనిపించలేదా?

శిబిరంలో దీనికి గిరాకీ ఎంతంటే, కొన్ని గంటల గడువు పెట్టి వంతులవారీగా అరువిచ్చేవారు. ఆకలితో, జ్వరంతో ఉన్నవాళ్లు ఎప్పుడో ముగిసిన కౌంటీ మ్యాచ్‌ల స్కోర్లు చదివారు. చెమట చేతుల్లో అట్ట ఊడింది, కుట్లు తెగాయి. తోటి ఖైదీలు విషవాయువు తగలకుండా కప్పుకునే గ్యాస్ కేప్ గుడ్డముక్కతో అట్ట కట్టి, అన్నం జిగురుతో అతికించారు. తిండికే కరువైన చోట పుస్తకానికి అన్నం పెట్టారు. దీని జీవితంలో అంతకు మించిన సన్మానం లేదు.

ఇప్పుడు గాజుపెట్టె. చూసేవాళ్లు వంగి చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. హట్టన్ ఇన్నింగ్స్ ఉన్న పేజీ తెరిచేవాడు లేడు. ఖైదులో రోజుకు ఎన్ని చేతులు మారిందో! విడుదలయ్యాక ఒక్క చెయ్యీ తగలదు. బంధువుల గతీ అంతకన్నా మెరుగు కాదు. యుద్ధకాలపు సంచికలను వేలంలో పెద్ద ధర పెట్టి కొంటారు. ఆ తర్వాత విలువ పడిపోతుందని తెరవనే తెరవరు. చదివి నలిపిన ఖైదీల మీద దీనికి కోపం లేదు. నలగకుండా దాచే ఆసాముల మీదే ఉంది.

రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చినా, కాగితం కరువైనా, 1864 నుంచి ఈ వంశంలో ఒక్క ఏడాదీ సంచిక ఆగలేదు. ఆటల గురించి రాయాలని ఇప్పుడు కలం పట్టేవాళ్లకు ఈ ముసలి పుస్తకం విన్నపం ఒక్కటే. మీ ఊళ్లో సంక్రాంతికి కబడ్డీ పోటీలు జరుగుతాయి కదా, కిందటేడు ఫైనల్లో ఎవరికెన్ని పాయింట్లు వచ్చాయో ఎక్కడైనా రాసి ఉందా? లేకపోతే ఈ ఏడు ఒక నోటుపుస్తకం కొని రాయండి. వచ్చే ఏడూ రాయండి. అడిగినవాడికల్లా ఇచ్చి చదివించండి.