రెండుముప్పావు గారికి ఒక పిరికివాడి విన్నపం

శ్రీయుత రెండుముప్పావు రేటింగు గారి దివ్యసముఖానికి,

అయ్యా, పొద్దుటాట ఇంటర్వెల్ దాటకముందే తమరు మా ఫోన్లలో ప్రత్యక్షమవుతారు. మామూలు సినిమాల విషయంలో తమరిని నమ్మి బాగుపడ్డవాణ్ణే. పేచీ అంతా దెయ్యం సినిమాల దగ్గరే.

మొన్నామధ్య తమ అన్నగారు మూడుంబావు దయచేశారని ఒకదానికి వెళ్లాను. కెమెరా బాగుంది, సంగీతం బాగుంది, సందేశం కూడా ఉంది. లేనిదల్లా దెయ్యమే. పక్క సీటాయన గురక తప్ప ఆ హాల్లో ఉలిక్కిపడాల్సిన చప్పుడే లేదు. తర్వాతి వారం, తమ తమ్ముడు రెండుగారితో సరిపెట్టిన సినిమా ఇంట్లో చూశాం. సగంలో మా ఆవిడ లేచి వెళ్లి పూజగదిలో లైటు వేసొచ్చింది. ఆ రాత్రి బాత్రూంకి ఒక్కణ్ణే వెళ్లలేక, "నీకు దాహంగా లేదూ?" అని ఆవిణ్ణి లేపాను.

తమ వంశ చరిత్ర కూడా కొంత తిరగేశాను. 1980లో 'ది షైనింగ్' వస్తే చెత్త సినిమాలను వెక్కిరించే 'రాజీ' అవార్డులవాళ్లు దాని దర్శకుడు కుబ్రిక్‌ని చెత్త దర్శకుల పోటీలో నిలబెట్టారు. అందులో నటించిన షెల్లీ డువాల్‌ని చెత్త నటుల పోటీలో పెట్టిన మాటను 2022లో గానీ వెనక్కి తీసుకోలేదు. 2018లో 'హెరెడిటరీ'ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. హాల్లోంచి వచ్చే జనాన్ని అడిగి గ్రేడు వేసే సినిమాస్కోర్‌లో మాత్రం దానికి డీ ప్లస్. నాకు ఇంతకన్నా పనికొచ్చిన రేటింగు లేదు. పనితనం ఉందని ఒకరు చెప్పారు, మనసు పాడైందని ఇంకొకరు చెప్పారు. ఇంకేం కావాలి? (జనం తిట్టిందల్లా ఇలాగే ఉంటుందనుకుని రెండుసార్లు టిక్కెట్టు డబ్బులు పోగొట్టుకున్నాను, అది వేరే సంగతి.)

రాటెన్ టొమాటోస్‌లో 90 శాతం అంటే నూటికి తొంభై మార్కులని చాలాకాలం భ్రమపడ్డాను. పదిమందిలో తొమ్మిదిమంది "పర్లేదు" అన్నా అదే 90. దెయ్యానికి "పర్లేదు" కన్నా అవమానం ఉంటుందా?

సెన్సారువాళ్లు కాస్త నయం. 2024 నుంచి యూఏని 7, 13, 16 ఏళ్లంటూ మూడు ముక్కలు చేశారు. పిల్లాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లాలో లేదో తెలుస్తోంది. నలభై ఏడేళ్లవాణ్ణి ఎవరి దగ్గర వదలాలో మాత్రం రాయడం లేదు.

అందుకే ఈమధ్య తమ అంకె వదిలేసి, కింది పేరాలు చదువుతున్నాను. "కథనం నెమ్మదించింది" అంటే వెంటనే బుక్ చేస్తాను, మెల్లగా బిగిసే భయమే నాకిష్టం. "అన్ని వర్గాలనీ అలరిస్తుంది" అంటే కమెడియన్ పంచె ఎగ్గట్టి పరిగెత్తే సీను ఉందన్నమాట. 2022లో 'మసూద'కి నన్ను పంపింది కూడా చుక్కలు కావు. ఒంటరి తల్లి, దెయ్యం పట్టిన కూతురు, భయపడుతూనే సాయానికొచ్చే పక్కింటి కుర్రాడు, ఇంతే చదివాను. భయపడే కుర్రాడు అనగానే మనవాడే అనుకున్నాను.

కనుక తమ పక్కన రెండు చిన్న గడులు గీయించమని ప్రార్థన. సమీక్షకుడు సినిమా చూసింది పొద్దున్నా, రాత్రా? ఇంటికెళ్లాక లైటు ఆర్పి పడుకున్నాడా, లేదా?

ఇట్లు,
చివరి వరస, నడవ పక్క సీటు

తా.క.: ఈ ఉత్తరం నిన్న రాత్రే పోస్టు చేయాల్సింది. మా పోస్టు డబ్బా వీధి చివర చింతచెట్టు కింద ఉంది.