బావా, తాడు వదులు! (సటీకా తాత్పర్యము)

మూలము: "బావా! తాడు వదులు, చుక్కానితో కుస్తీ పట్టకు!"

అవతారిక: శాన్ డియేగోలోని మిషన్ బేలో, అద్దెకు తీసుకున్న హోబీ 16 కటమరాన్ మీద, గాలి ఉన్నట్టుండి జోరందుకున్న వేళ వెలువడిన వాక్యమిది. మూలకర్త, టీకాకారుడు నేనే కాబట్టి కొంత పక్షపాతం సహజం.

టీక: బావా = ఓ అక్క మగడా (చుక్కాని పిడి, అనగా టిల్లర్, ఎవరికీ ఇవ్వనివాడా అని ధ్వని); తాడు = పెద్ద తెరచాపను బిగించియుంచు మెయిన్ షీటును; వదులు = జానెడు సడలించుము; చుక్కానితో = రెండు డొప్పల వెనుక వేలాడు పలకలతో; కుస్తీ పట్టకు = మోచేయి వణుకునట్లు గుంజకుము.

తాత్పర్యము: పెద్ద చాప మరీ బిగిస్తే గాలి తోపు వెనక్కి జరిగి, పడవ ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. టిల్లర్ గుంజి ఆపబోతే చుక్కాని నీళ్ళకు అడ్డంపడి బ్రేకు వేస్తుంది. చాప సడలిస్తే చెయ్యి తేలికవుతుంది. టిల్లర్ చేతిని కాస్త లాగడం మాత్రం దోషం కాదు, పడవ నాడి అందేది దానివల్లే.

చర్చ: "తాడు" అంటే ఏ తాడు? కటమరాన్ అన్నదే కట్టుమరం అనే తమిళ మాటలోంచి పుట్టిన పేరాయె, తాడు తగాదా తప్పుతుందా! ముందున్న చిన్న చాప (జిబ్) తాడని కొందరి మతం. కొందరంటే మా బావ ఒక్కడే. నా చేతిలోంచి లాక్కుని మరీ వదిలేశాడు. ముక్కును గాలికి ఎదురెళ్ళకుండా పక్కకు తోసేది జిబ్బే. అది కాస్తా పోయేసరికి పడవ గర్రున తిరిగి, గాలికి ముఖం పెట్టి నిలబడిపోయింది. రెండు చాపలూ దండెం మీది దుప్పట్లలా టపటపలాడాయి. పెద్ద చాప అడుగు కొయ్య బూమ్‌ను చేత్తో పక్కకు నెట్టి, చుక్కాని తిరగేసి, వెనక్కి నడిపిస్తే గానీ బయటపడలేదు.

విశేషము: సంస్కృతంలో తెరచాప కొయ్యకు గుణవృక్షమని పేరు. గుణమంటే తాడు కూడా. ఆ వృక్షం వెనక్కి వాలినకొద్దీ టిల్లర్ చేతిని గుంజే ఈ దోషం పెరుగుతుంది. మాది బాగానే వాలి ఉంది. అయినా టిల్లర్ ఇంత బరువా అని వంగి చూస్తే, ఎడమ చుక్కాని పలక పూర్తిగా దిగలేదు. వెనక్కి జారి తేలుతోంది. నొక్కాను. టక్కుమని పడింది. టిల్లర్ రెండు వేళ్ళకు లొంగింది.

"చూశావురా," అన్నాడు బావ, "తాడు కాదని నేను చెప్పలా!"