కట్టు విప్పాక

పుట్టుకతో చూపులేని ఒక మనిషి. గోళం ఏదో, ఘనం ఏదో చేత్తో తడిమి చెప్పేస్తాడు. ఉన్నట్టుండి అతనికి చూపొచ్చిందనుకుందాం. ఆ రెండూ బల్ల మీద పెట్టి, ముట్టుకోనివ్వకుండా చూపిస్తే ఏది ఏదో చెప్పగలడా?

డబ్లిన్‌లో ఉండే విలియం మోలినో ఈ ప్రశ్నను 1688లో తత్వవేత్త జాన్ లాక్‌కి రాసి పంపాడు. చెప్పలేడనే మోలినో నమ్మకం. లాక్‌దీ అదే మాట. 1694లో తన పుస్తకం రెండో ముద్రణలో ఈ ప్రశ్ననీ జవాబునీ చేర్చాడు. కాసేపు ఆలోచించుకోనిస్తే పోల్చుకోగలడని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ వాదించాడు. ప్రపంచం మనకు కళ్లు తెరవగానే తెలిసిపోతుందా, లేక బతుకుతూ కొంచెం కొంచెంగా నేర్చుకుంటామా అన్న పెద్ద తగువంతా ఆ చిన్న బల్ల మీదకి వచ్చి కూర్చుంది.

ఆ బల్ల ముందు నిజంగా నిలబడగలిగిన మనుషులు అరుదు. వాళ్లలో నేను మరిచిపోలేని మనిషి ఇంగ్లండ్‌లో బూట్లు బాగుచేసే పని నేర్చిన ఒకాయన. శాస్త్రవేత్తల రాతల్లో ఆయన పేరు ఎస్.బి. 1906లో పుట్టాడు. పదో నెలలో చూపు పోయింది. అయినా మూల కూర్చునే రకం కాదు. స్నేహితుడి చేయి భుజం మీద ఉంటే చాలు, సైకిల్ తొక్కుకుంటూ దూరాలు వెళ్లేవాడు. పెరట్లో షెడ్డు, అందులో పనిముట్లు. బావమరిది కారు కడుగుతూ, చేతికి తగిలిన ఒంపుల్ని బట్టి దాని రూపం మనసులో కట్టుకునేవాడు.

1958 డిసెంబరులో ఒక కంటికి, 1959 జనవరిలో రెండో కంటికి కార్నియా మార్చారు. అప్పటికి ఆయన వయసు 52. కట్టు విప్పగానే డాక్టరు గొంతు వినిపించింది. అటు తిరిగాడు. ఏదో మసక. గొంతు అక్కణ్నుంచే వస్తోంది కాబట్టి అది ముఖమే అయి ఉండాలనుకున్నాడు. ముఖాన్ని ఆయనకు చూపించింది చెవి.

మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ గ్రెగరీ, ఆయన సహాయకురాలు జీన్ వాలెస్ ఈ సంగతి తెలిసి ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ వాళ్లు చూసింది వింతగానే ఉంది. వార్డులో దూరంగా ఉన్న గోడగడియారం చూసి ఎస్.బి. టైము చెప్పేశాడు! అద్దం తీసేసిన గడియారం జేబులో పెట్టుకుని, ముళ్లని వేలితో తడిమి ఏళ్ల తరబడి టైము చూసుకున్న మనిషి ఆయన. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు చదివాడు. అంధుల బడిలో చెక్కమీద చెక్కిన పెద్ద అక్షరాలు తడిమి నేర్చుకున్నాడు. చిన్న అక్షరాలు అక్కడ నేర్పలేదు. అవి ఆయనకు కనిపించాయి గాని అర్థం కాలేదు. కిటికీ పట్టుకుని వేలాడితే కాళ్లు నేలకి ఆనతాయనుకున్నాడు. నేల పది నిలువుల లోతున ఉంది. అంత లోతు ఎప్పుడూ కాలికి తగల్లేదు మరి.

బస్సు బొమ్మ గీయమన్నారు. చక్రాలు, కిటికీలు గీశాడు. ఇంజను ఉండే ముందు భాగం రాలేదు. బస్సుకి ఆ చివర తడిమే అవకాశం ఆయనకెప్పుడూ కలగలేదు. నెలల తర్వాత, వీధిలో బస్సులు చూస్తూ తిరుగుతున్న రోజుల్లో మళ్లీ గీయించినా ఆ భాగం ఖాళీయే.

లండన్ సైన్స్ మ్యూజియంలో మాడ్స్‌లీ లేతు అనే పాత యంత్రం ఉంది. పనిముట్లంటే ప్రాణం పెట్టే మనిషి కదా అని తీసుకెళ్లారు. అద్దాల పెట్టె బయట నిలబడి చూస్తే అదేమిటో బోధపడలేదు. పెట్టె తెరిపించారు. ఎస్.బి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులతో ఆ యంత్రాన్ని ఆత్రంగా తడిమాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, కళ్లు తెరిచి, తడిమాను కాబట్టి ఇప్పుడు కనిపిస్తోందన్నాడు. లాక్ పుస్తకంలోని జవాబుకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలిసి ఎక్కడా లేదు.

ఆ లండన్‌లోనే రోడ్డు దాటాల్సి వచ్చింది. వచ్చే బళ్లని చూసి ఆయన కాళ్లు కదల్లేదు. చెరో చేయీ పట్టుకుని ఇద్దరు మనుషులు బలవంతాన దాటించాల్సి వచ్చింది. పుట్టి అంత భయం ఎరగడు.

రోజులు గడిచేకొద్దీ రంగు పెచ్చులూడిన గోడలు, వస్తువుల మీది మచ్చలు ఆయన్ని బాధపెట్టసాగాయి. లోకం వెలిసిపోయినట్టుందన్నాడు. చదవడం రాదని చుట్టూ ఉన్నవాళ్లు ఆటపట్టించారు. సాయంత్రాలు దీపం వేసుకునేవాడు కాదు. 1960 ఆగస్టులో పోయాడు. చూపొచ్చి రెండేళ్లయినా నిండలేదు. మోలినో ప్రశ్నలో గోళం ఉంది, ఘనం ఉంది. చెప్పగలడా లేదా అని అంత పెద్దవాళ్లు వాదించుకున్నారు. ఆ మనిషి ఏమైపోతాడని ఒక్కరూ అడిగినట్టు లేదు.

ఆపరేషన్‌కి ముందు సంగతులు భార్య పరిశోధకులకు చెప్పింది. కళ్లు లేని రోజుల్లో ఊళ్లో ఏ రోడ్డయినా ఆయన ఒక్కడే దాటేవాడట. ఎంత రద్దీలోనైనా చేయో కర్రో ముందుకు చాపి అడుగు వేసేవాడు. బళ్లే ఆగేవి.