పక్కింటి బావ మేడ ఆపడం ఎలా?

పక్కింటి బావ ఇల్లు పెంచబోతున్నాడని తెలిసిన రోజు నుంచి ఆయన గృహప్రవేశంలో పాయసం తాగిన రోజు వరకు నేను చెయ్యని ప్రయత్నం లేదు. మేడ ఆగలేదు. ఆగకుండా ఉండటానికి ఎన్ని దారులున్నాయో మాత్రం నాకు తెలిసినంతగా ఈ తాలూకాలో ఇంకెవరికీ తెలియదు. ఆ అనుభవాన్ని ఊరికే పారబొయ్యడం ఇష్టం లేక ఈ నాలుగు సలహాలు చెబుతున్నాను.

మాది తాయిల్పట్టి. విరుదునగర్ జిల్లా, వెంబకోట్టై తాలూకా. ఒక పక్క శివకాశి, ఒక పక్క సాత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా పెద్దలు ఎప్పుడో ఉత్తరం నుంచి దిగివచ్చి ఈ నల్లరేగడిలో నిలిచారని అవ్వలు చెప్పేవాళ్లు. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లోనూ తెలుగే. ఆ వలసనే ఆయన తమిళంలో 'గోపల్ల గ్రామం' నవలగా రాశాడు, దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందులో జనం అడవికి నిప్పుపెట్టి కనుచూపు మేర నేల చేసుకుంటారు. అంత నేల చేసుకున్నవాళ్ల మునిమనవళ్లం, బావా నేనూ జానెడు సందు కోసం ఏడాది పాటు మాట్లాడుకోలేదు.

మొట్టమొదటి సంగతి, ఏం కడుతున్నాడో ఆయన్ని అడగొద్దు. పొద్దున్నే బావా మేస్త్రీ నిలబడి మీ గోడ వైపు చెయ్యి చూపిస్తూ మాట్లాడుకుంటుంటారు. వెళ్లి "ఏం బావా, ఏం కడతా ఉండావు?" అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తేలిపోతే ఇంక పోట్లాటకేం మిగులుతుంది? టీ కొట్లో అడగండి. మా టీ కొట్టాయన రెండంతస్తులన్నాడు. పాలాయన మూడన్నాడు. నేను ఇల్లు చేరేసరికి కింద నాలుగు దుకాణాలు కూడా వెలిశాయి. సాయంత్రానికల్లా నేను ఆరాలు తీస్తున్నానన్న కబురు బావకు చేరింది. పాపం ఆయన అనుకున్నది వెనక ఒక గది, పైన ఒక గది, బెంగళూరు నుంచి కొడుకూ కోడలూ వస్తే పడుకోవడానికి. ముఖాన అడగనందుకు ఉక్రోషంతో కిటికీని మా వైపు పెట్టించాడని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

రెండోది, కొలతలు మీరే వెయ్యండి. మా ఇళ్లు నత్తం భూమిలో ఉంటాయి, మీ ఆంధ్ర వైపు గ్రామకంఠం అంటారే, అది. తాతలు కాలి అడుగులతో పంచుకున్న స్థలాలు. మా రెండిళ్లకీ మధ్య ఒక వేపచెట్టు హద్దుగా ఉండేది. చెట్టు ఎప్పుడో గాలివానకు పడిపోయింది. అది ఎక్కడ ఉండేదో బావకూ నాకూ బాగా గుర్తు, కాకపోతే మూడడుగుల తేడాతో. అంతవరకు చక్కగా సాగుతున్న గొడవ అది. బుద్ధి గడ్డి తిని నేను డబ్బు కట్టి సర్వేయరును పిలిపించాను.

ఆయన వచ్చాడు, స్కెచ్చి విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు, వీధి మూలనున్న రాయి దగ్గర మొదలుపెట్టి గొలుసు లాగించుకుంటూ వచ్చాడు. వీధి వీధంతా గోడ దగ్గర చేరింది. గొలుసు బావ గోడ దాటింది. సందు దాటింది. మేం బట్టలుతికే బండ కూడా దాటి మా నీళ్లగదిలోకి దూరింది. సర్వేయరు లోపలికొచ్చి, సున్నం గోడ మీద పెన్సిలుతో నిలువుగా ఒక గీత గీసి, తమిళంలో ఇదీ హద్దు అన్నాడు. మా ఆవిడ సీకాయ డబ్బా, సబ్బుపెట్టె, ఇత్తడి చెంబు, మూడూ గీతకు అవతల ఉన్నాయి. బావ ఒక్క మాట అనలేదు. చెంబు వైపు ఒకసారి చూసి పంచె ఎగగట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. అందుకే చెబుతున్నాను, స్కెచ్చి జోలికి పోకండి.

ఇక చట్టం. దీనికి మొదటి సూత్రం, శ్లాబు పోసేదాకా ఆగడం. పునాది దశలో వెళితే పని ఆపమని కోర్టు ఉత్తర్వు ఇచ్చే వీలు ఉంటుంది. కట్టిందాన్ని పడగొట్టమని ఉత్తర్వు తేవడం అంతకు పదింతల కష్టం, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని ముందు మననే అడుగుతారు. కాబట్టి సెంట్రింగు విప్పేదాకా అరుగు మీద కూర్చుని పళ్లు కొరకండి. ఆ తర్వాత గాలీ వెలుతురూ పోయాయని గుండెలు బాదుకోండి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒక కిటికీ గుండా ఇరవయ్యేళ్లు అడ్డూ ఆటంకం లేకుండా వచ్చిన వెలుతురు మీద హక్కు పుడుతుంది. హక్కుంటే సరిపోదు, చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని కూడా చూపాలి. మా కిటికీ పెట్టించి నాలుగేళ్లు. ఇరవయ్యేళ్లకు పదహారు తక్కువ. ఇంత చిన్న తేడాను పట్టించుకుంటారా అనుకున్నాను. వకీలుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అనుమతి లేకుండా కడుతున్నాడని పంచాయతీ ఆఫీసుకెళ్లి బల్ల చరచడం కూడా మంచిదే. ఒక్క చిక్కుంది. 2024 జూలై నుంచి తమిళనాడులో స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చింది. స్థలం 2500 చదరపుటడుగుల లోపు, కట్టడం 3500 చదరపుటడుగుల లోపు, కింద ఒక అంతస్తు పైన ఒకటి అయితే, కాగితాలు సరిగ్గా ఎక్కించి రుసుము కడితే కంప్యూటరే అనుమతి ఇచ్చేస్తుంది. నేను బల్ల చరిచిన రోజుకు బావ ఫోన్లో ఆ కాగితం వచ్చి పది రోజులయింది. అయినా వెనక్కి తగ్గలేదు, సోమవారం విరుదునగర్ కలెక్టరాఫీసులో అర్జీల రోజు కదా, బస్సెక్కాను. ఇక్కడే ఒక మాట చెప్పాలి. మేం తిట్టుకునేది తెలుగులో. అర్జీ రాసేది తమిళంలో. చట్టం ఉండేది ఇంగ్లీషులో. 'నీ గోడ కూల' అన్న మాట మూడో భాషకు చేరేసరికి 'తగు చర్య నిమిత్తం' అయిపోయి చప్పగా చల్లారిపోతుంది. నా అర్జీ కలెక్టరాఫీసు నుంచి తాలూకాకు, తాలూకా నుంచి గ్రామానికి దిగి, చివరకు మా వీధి మలుపు దాకా వచ్చింది. వీధి మలుపు దాకా నేనే నడిచి వెళ్లేవాణ్ణి.

వాస్తు వైపు నుంచి కొట్టడం నా సొంత ఆలోచన, కాబట్టి గర్వంగా చెబుతున్నాను. ఈశాన్యంలో మెట్లు పెడితే ఇంటి పెద్దకు మంచిది కాదని ఒక సిద్ధాంతి చేత బావ చెవిన వేయించాను. బావ బెదిరిపోయాడు. మేడ మానేస్తాడనుకున్నాను, మెట్లు మార్చాడు. ఈశాన్యం నుంచి తీసి నైరుతిలో పెట్టించాడు. ఆయన నైరుతి మూలంటే నేను పడుకునే గది కిటికీ. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు అక్కయ్య మేడ మీదికి నీళ్లు మోసే చప్పుడుకి లేస్తున్నాను. ఆరోగ్యానికి మంచిదేనట.

మేస్త్రీని మన వైపు తిప్పుకోవడానికి సాత్తూరు కారసేవు ఒక పొట్లం, కోవిల్పట్టి పల్లీ పట్టీ ఒక పెట్టె చాలునని లెక్క వేశాను. పల్లీ పట్టీ అంటే ఆషామాషీ సరుకు కాదు, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నది. మేస్త్రీ రెండూ పుచ్చుకున్నాడు, నమిలినంతసేపూ నా బాధ విన్నాడు, సాయంత్రం బావతో కలిసి మిగిలిన సేవు తింటూ అదంతా అప్పజెప్పాడు. ఊళ్లో తాపీ బాగా తెలిసినవాడు ఆయనొక్కడే. పెన్సిలు గీత ప్రకారం నా నీళ్లగది గోడ జరపడానికీ ఆయన్నే బతిమాలుకోవాల్సి వచ్చింది.

మరీ తెగించినవాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. మా తాలూకా కేంద్రం వెంబకోట్టైలో వైప్పారు ఒడ్డున 2022 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శంఖు గాజులు, గాజు పూసలు, మట్టి బొమ్మలు వేలల్లో బయటపడ్డాయి. పాత కుండ పెంకులు నాలుగు ఏరి రాత్రిపూట బావ పునాది గుంటలో వేస్తే, పొద్దున్నే అధికార్లు వచ్చి తాడు కట్టేస్తారని నా ఊహ. వేశాను. బావ మనవడు ఏరుకుని కడిగి తెచ్చి మా ఆవిడకే ఇచ్చాడు. అవి మా ఇంట్లో కిందటి దీపావళికి పగిలిన కాగు పెంకులు. ఆవిడ అంచు చూసి గుర్తుపట్టింది.

ఇన్ని మాట్లాడాను గానీ మాట్లాడకూడనిది ఒకటుంది, గుంట. పౌరుషానికి పనికిరాని విషయం కాబట్టి దీన్ని నోటితో ఎత్తకండి. మా నేల నల్లరేగడి. ఎండల్లో చెయ్యి దూరేంత బీటలిస్తుంది, వాన పడితే పొంగుతుంది. పాత ఇళ్ల పునాదులు రాతి కట్టడం, మధ్యలో మట్టి అడుసు, పైన బెల్టూ లేదు ఏమీ లేదు. అలాంటి గోడ పక్కనే నిలువునా అయిదడుగులు తవ్వి ఐప్పసి నెల వానలకు తెరిచి వదిలేస్తే, నీళ్లు నిలిచి, మట్టి మెత్తబడి, పక్కింటి గోడ కాలు జారుతుంది. ఎండాకాలమే తవ్వు బావా, ఒకేసారి కాకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి ఎప్పటికప్పుడు పూడ్చుకుంటూ రా అంటే ఏ మేస్త్రీ అయినా వింటాడు. తవ్వక ముందు మన గోడలకు నాలుగు ఫొటోలు తీసి పెట్టుకుంటే, ఏ బీట పాతదో ఏది కొత్తదో తగువు ఉండదు. నేను చెప్పలేదు, తియ్యలేదు. కిటికీ గురించి, నీడ గురించి, చూరు నీళ్ల గురించి తీరిక లేకుండా ఉన్నాను. మా వంటింటి మూల ఇప్పుడు రూపాయి బిళ్ల నిలువుగా దూరే బీట ఉంది. పాతదేనంటాడు బావ.

చివరి సలహా వెనక వీధి గురించి. మా దొడ్డి గోడకు అవతల ఇంకో ఇల్లుంది. వాళ్లూ ఇల్లు పెంచారు. ఆ పెంపకానికి ముగ్గు పొయ్యలేదు, వాస్తు చూడలేదు, టీ కొట్లో మాట పుట్టలేదు. రెండు రాత్రుల్లో రేకుల షెడ్డు లేచింది. ఎత్తు లేదు, కాబట్టి నీడ పడదు. కిటికీలే లేవు, కాబట్టి మన ఇంట్లోకి తొంగి చూసే భయం లేదు. ఇలాంటి కట్టడానికి ఏ అభ్యంతరమూ పెట్టకండి.

టపాసులకు కాగితం గొట్టాలు చుట్టడం మా ఊళ్లో ఆడవాళ్లు వసారాలో కూర్చుని చేసే పనే, తప్పు లేదు. మందు నింపడం ఇంట్లో చేసే పని కాదు. లైసెన్సున్న టపాసుల ఫ్యాక్టరీలో గదికీ గదికీ ఎడం ఉంటుంది, మందు కలిపే గది వేరు, నింపే గది వేరు, గదిలో నలుగురికి మించి కూర్చోకూడదు, నిప్పు లేస్తే ఎటు వాళ్లు అటు పరుగెత్తడానికి తలుపులుంటాయి. ఆ షెడ్డుకు ఉన్నది ఒక్క తలుపు, అదీ లోపలికే తెరుచుకుంటుంది. 2021 జూన్‌లో మా తాయిల్పట్టిలోనే ఒక ఇంట్లో దొంగచాటుగా టపాసులు చేస్తుండగా పేలుడు జరిగి చిన్న పిల్లాడితో సహా ముగ్గురు పోయారు. ఆ మర్నాడు ఊరంతా అనుకున్న మాట, పక్కింటివాళ్లకు తెలియకుండా ఉంటుందా అని.

మొన్న సాయంత్రం ఆ ఇంటి పిల్ల పాలలోకి తోడు అడగడానికి గిన్నె పట్టుకుని వచ్చింది. చేతులు మోచేతుల దాకా వెండి పూసినట్టు మెరుస్తున్నాయి, అల్యూమినియం పొడి. గిన్నె మీద కూడా అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి. మా ఆవిడ తోడు వేసి ఇచ్చి, ఆ పిల్ల గుమ్మం దాటాక నా వైపు చూసింది. వాళ్లకు రోజుకింత అని వస్తుంది, మన చుట్టాలమ్మాయి కూడా అక్కడికే పోతోంది, మనకెందుకు అన్నాను. చీకటి పడ్డాక టేపు తీసుకుని దొడ్లోకి వెళ్లాను. ఆ షెడ్డు మా హద్దుకు రెండున్నర అడుగులు అవతలే ఉంది.