పచ్చటిక్కు భక్తుడు

మెయిల్ సర్వర్ బ్యాకప్ చూసే మనిషిని ఏ ఆఫీసులోనైనా ఇట్టే పోల్చుకోవచ్చు. పొద్దున్నే మానిటర్ ముందు సుప్రభాతం వింటున్నవాడిలా కూర్చుని రాత్రి నడిచిన బ్యాకప్ జాబుల పట్టిక చూస్తుంటాడు. వరసగా పచ్చటిక్కులు పడి ఉంటేనే కాఫీ గొంతు దిగుతుంది. ఒక్కటి ఎర్రబడితే ఆ పూట ఉప్మాలో ఉప్పుందో లేదో కూడా తెలియదు. అనుమానపు పక్షి అని ఇతనికి పేరు. ఆ అనుమానం తప్పేమీ కాదు, ఉద్యోగానికి కావలసిన సరుకే. చిక్కల్లా, లోకం మొత్తాన్ని అనుమానించే ఈ మనిషి తన బ్యాకప్‌ను మాత్రం అనుమానించడు.

మెయిల్ డేటాబేసు ఒక డిస్కుల వరస మీద, లాగ్ ఫైళ్లు ఇంకో వరస మీద, బ్యాకప్ పూర్తిగా వేరే పెట్టెలో ఉండాలంటాడు. అన్నీ ఒకే పెద్ద స్టోరేజీలో సర్దితే ఖర్చు కలిసొస్తుంది కదా అని మేనేజరు సణుగుతాడు. ఏడాది ఆవకాయ జాడీకి వాసెన కట్టి అటకెక్కించి, రోజువారీకి చిన్న జాడీ విడిగా పెట్టుకునే ఇల్లాలిని ఇదే మాట అడిగి చూడమనండి! ఎక్స్ఛేంజ్ అనే మెయిల్ సర్వరు ప్రతి మార్పునూ 1 ఎంబీ లాగ్ ఫైళ్లలో రాసుకుంటూ పోతుంది. మామూలు అమరికలో, బ్యాకప్ సవ్యంగా పూర్తయితేనే పాత లాగులు చెరుగుతాయి. వరసగా కొన్ని రాత్రులు తప్పితే డిస్కు నిండి మెయిలే ఆగిపోతుంది. పోనీ రోజూ రాత్రి మొత్తం కాపీ తీద్దామంటే అమెరికా క్లయింట్లున్న హైదరాబాదు ఆఫీసుకు రాత్రనేది ఎక్కడిది? ఇక్కడివాళ్లు పడుకునేసరికి అక్కడివాళ్లు లేస్తారు. పెళ్లింట్లో గది ఊడ్చడానికి సందు దొరకనట్టే. అందుకే రోజూ మారినంత మేరకే కాపీ తీసి, మొత్తం కాపీని వారాంతానికి నెడతాడు.

డేటాను పలు డిస్కుల మీద ఉంచే రెయిడ్ ఉండగా ఇదంతా దేనికని కొందరంటారు. డిస్కు చెడితే రెయిడ్ ఆదుకుంటుంది, నిజమే. ఎవరైనా మెయిల్‌బాక్సు చెరిపేస్తే అన్ని డిస్కుల మీదా అంతే శ్రద్ధగా చెరుపుతుంది కూడా. క్లౌడ్ ఉందిగా అనేవాళ్లు ఇంకొందరు. ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో పూర్తిగా తీసేసిన మెయిలును మామూలు సెట్టింగులో 14 రోజులే దాస్తారు, పెంచినా 30. మనవాళ్లకు పాత మెయిలు గుర్తొచ్చేది ఆడిట్ వచ్చినప్పుడు. 2011 ఫిబ్రవరిలో స్టోరేజీ సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరి జీమెయిల్ ఖాళీ అయినప్పుడు గూగుల్‌ను గట్టెక్కించింది కూడా విడిగా ఉన్న టేపులే.

ఇంతవరకూ నేను ఇతని పక్షమే. కానీ 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ హోస్టింగ్ సంస్థలో ఏమైంది? ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపాడు. ఉన్నాయనుకున్న ఐదు ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనికి రాలేదు. ఎవరో చేత్తో తీసిపెట్టిన, దాదాపు ఆరు గంటల నాటి కాపీయే దిక్కైంది. రోజువారీ బ్యాకప్ విఫలమవుతోందని చెప్పాల్సిన హెచ్చరిక మెయిళ్లను అవతలి సర్వరు తిప్పికొట్టడంతో సంగతి ఎవరికీ తెలియలేదు. పచ్చటిక్కంటే జాబు ముగిసిందని అర్థం, మెయిలు తిరిగొస్తుందని కాదు. తిరిగి తెచ్చి చూడమంటే మనవాడు చోటేదీ, తీరికేదీ అంటాడు. మొత్తం అక్కర్లేదు, నెలకొక్క మెయిల్‌బాక్సును రికవరీ డేటాబేసులోకి దించి తెరిస్తే చాలు. తలూపుతాడు, వచ్చే నెల అంటాడు. ఈలోగా పెద్దసారు మూడు నెలల కిందటి మెయిలు అడుగుతాడు. “బ్యాకప్ ఉంది సార్!” అని ఛాతీ విరుచుకుని, రిస్టోర్ అనే బటను ఏ మెనూలో ఉందో వెతకడం మొదలుపెడతాడు.