కొబ్బరిచెట్టుకి రెండు వేళ్ళ ఎడంగా

ప్రతి ఊళ్ళోనూ ఒక తోకచుక్క మనిషి ఉంటాడు. గజపతినగరంలో ఆయనకి మెయిన్‌రోడ్డు మీద ఎరువుల కొట్టు. మామూలు రోజుల్లో యూరియా, డీఏపీ, పురుగుమందులు, పాత బాకీలు. ఆకాశంలో కొత్తదేదో తేలిందని పేపర్లో పడిందంటే మాత్రం సాయంత్రం ఐదున్నరకల్లా షట్టరు దించేస్తాడు. అప్పటికింకా బేరం తెగని రైతెవరైనా ఉంటే అతన్నీ స్కూటరు వెనకాల ఎక్కించుకుని చంపావతి గట్టుకి పట్టుకుపోతాడు. బస్తా యూరియా కోసం బయల్దేరిన మనిషి రాత్రి ఏడున్నరకి ఉత్త చేతుల్తో ఇల్లు చేరి, "ఏటైపోనావు ఇంతసేపూ?" అని అడిగితే, "సుక్క సూపిస్తానని అట్టుకెల్నాడు" అని ఉన్నమాట చెప్పాడు. ఇల్లాలు దగ్గరకొచ్చి నోరు వాసన చూసింది.

టెలిస్కోపు ఉందా అని మాత్రం ఆయన్ని అడక్కూడదు. "గొట్టంలోంచి సూసేది తోకచుక్క కాదు, దాని ముక్క" అంటాడు. ఈ ఒక్క విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం. పెద్ద తోకచుక్క తోక ఆకాశంలో బారెడు పరుచుకుంటుంది. పెద్ద టెలిస్కోపుకి ఒక్కసారిగా కనబడేది మహా అయితే చందమామంత మేర. అందులో తల పడితే తోక పడదు. మొత్తాన్ని ఒక్క చూపులో పట్టాలంటే మామూలు కన్నే గతి. కొలతబద్దలు కూడా ఆయనకి ఒంటిమీదే ఉన్నాయి. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో పది డిగ్రీలు, చిటికెనవేలి వెడల్పు ఒక డిగ్రీ. "మీ పిడికిలి పెద్దది, నాది సిన్నది కదా, లెక్కెలా కుదురుద్ది?" అని వాళ్ళావిడ ఒకసారి అడ్డం తిరిగింది. "నీ సెయ్యి కూడా పొట్టిదే, కుదురుద్ది" అన్నాడాయన. కుదురుతుంది కూడా. ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆయన అసలు పని చూడ్డం కాదు, చూపించడం. ఆ రెంటికీ మధ్యన ఎంత కొలతుందో గట్టు మీద పావుగంట నిలబడితే తెలుస్తుంది.

"అదిగో, ఆ కొబ్బరిచెట్టు ఉందా?"

"ఏ కొబ్బరిచెట్టు?"

"సెల్ టవరుకి ఇవతలది. దాని మట్టకి రెండు వేళ్ళ ఎడంగా, కాస్త పైకి."

"ఎవలి వేళ్ళు?"

ఏ కొబ్బరిచెట్టో తేలేసరికి తోకచుక్క మట్ట వెనక్కి దిగిపోతుంది. పైగా కొబ్బరిచెట్టు వంద గజాల్లో ఉంది, తోకచుక్క కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. ఆయన నిలబడ్డ చోట మట్టకి ఎడమపక్క ఉన్నది, నాలుగు బారల అవతల నిలబడ్డవాడికి కుడిపక్కకి పోతుంది. అందుకని ఒక్కొక్కణ్ణీ పిలిచి, సరిగ్గా తను నిలబడ్డ చోటే నిలబెట్టి, రెండు చేతుల్తోనూ తల పట్టుకుని తిప్పుతాడు. ఆ చేతులు రోజంతా ఎరువు బస్తాలు దొర్లించిన చేతులు. ఒకసారి పట్టుకున్నాక చాలామందికి తోకచుక్క వెంటనే కనబడిపోతుంది.

"ఆఁ... ఆఁ... కనబడిందండీ!"

"తోక ఏ పక్కకుంది?"

ఇక్కడే దొరికిపోతారు. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురుదిక్కుకే ఉంటుంది. సూర్యుడి వేడికి తోకచుక్కలోని మంచు ఆవిరై ధూళి లేస్తుంది, ఆ ధూళిని సూర్యుడి వెలుతురే అవతలికి నెట్టేస్తుంది. అంటే పొద్దుగుంకాక పడమట చూస్తే తోక పైకే నిలబడి ఉండాలి. "కిందకి వేలాడతంది" అన్నవాడు ఏమీ చూడలేదన్నమాట. ఆయన నోరెత్తి ఏమీ అనడు గాని ఆ మనిషికి మర్నాటి నుంచి అప్పు పుట్టదు.

అబద్ధమాడే మొహాన్ని ఆయన అంత సులువుగా ఎలా పట్టేస్తాడంటే, 1986లో తనదీ అదే మొహం. హేలీ తోకచుక్క వచ్చినప్పుడు ఆయన పదో తరగతి. డెబ్భై ఆరేళ్ళకొకసారి వస్తుంది, జన్మకొక్కసారే చూస్తారని చెప్పి సైన్సు మాస్టారు తెల్లారగట్ల పిల్లలందర్నీ బడి మేడెక్కించారు. దక్షిణం వైపు మసకమసగ్గా ఏదో ఉందని మాస్టారన్నారు. నలభై మందీ "కనబడింది సార్" అన్నారు. ఈయనా అన్నాడు. ఆ ఏడు హేలీ భూమికి దూరంగా తప్పుకుపోయింది కాబట్టి ప్రపంచమంతా ఉసూరుమంది, అందులో ఈయన తప్పేమీ లేదు. కానీ ఆనాడు మేడ మీద ఆడిన మాటని నిజం చేసుకోవడానికే తర్వాత బతుకంతా చుక్కలకేసి చూస్తున్నాడని నా అనుమానం. హేలీ మళ్ళీ వచ్చేది 2061 జూలైలో. అప్పటికి తనకి తొంభై. "వస్తే సూస్తాను, లేపోతే అదే నన్ను సూస్తాది" అంటాడు.

1910 నాటి హేలీ గురించి మాత్రం అది తన సొంత పెరట్లో దిగినట్టు మాట్లాడతాడు. భూమి దాని తోకలోంచి దూసుకుపోతుందనీ, ఆ తోకలో విషవాయువుందనీ మే నెలలో దేశదేశాల జనం హడలిపోయారు. అమెరికాలో తోకచుక్క మాత్రలని అమ్మితే కొనుక్కుని మింగారు. సరిగ్గా ఆ ఏడే, ఇక్కడికి పాతిక కిలోమీటర్ల అవతల విజయనగరంలో కూర్చుని గురజాడ అప్పారావుగారు 'ముత్యాల సరములు'లోకి తోకచుక్కని తీసుకొచ్చి, అందరూ అరిష్టమంటున్న దాన్ని సంస్కరణకి ఎత్తిన జెండాగా నిలబెట్టారు. "మాత్రలు మింగింది ఆలు, ముత్యాలు ఏరింది మనం" అని ఆయన వ్యాఖ్యానం. ఉత్తరాంధ్ర వెనకబడ్డ ప్రాంతమని ఎవరైనా నోరు జారారో, కథ ఇంకా వెనక్కి పోతుంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత డబ్బుతో నక్షత్రశాల పెట్టుకోవడం, ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడపడం, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోతుంటే కాలం కొలిచి లండనుకి లెక్కలు పంపడం, అన్నీ వస్తాయి. ఆయన చెప్పే తీరు వింటే జగ్గారావుగారు ఈయనకి మేనమామ వరసేమో అనిపిస్తుంది. అడిగితే అవుననడు, కాదనడు.

ఇంత అభిమానం ఉన్న మనిషికి హేల్-బాప్ అంటే గిట్టదు. ఇది విన్నవాళ్ళకి వింతగా ఉంటుంది. 1997 మార్చి, ఏప్రిల్ నెలల్లో సందెవేళ వాయవ్యంలో అది వెలిగిన తీరు చూసినవాళ్ళెవరూ మరిచిపోలేదు. ఒకటి ధూళి తోక తెల్లగా, ఒకటి వాయువు తోక నీలంగా, రెండు తోకలు. మొత్తమ్మీద ఏడాదిన్నర పాటు మామూలు కంటికి కనబడిన తోకచుక్క అది. ఆయన కంప్లయింటు ఏమిటంటే, అందరికీ కనబడింది. మానాపురం సంత నుంచి పశువుల్ని తోలుకొచ్చేవాళ్ళు నడుస్తూనే చూశారు. బస్సు కిటికీల్లోంచి చూశారు. పక్కింటావిడ బట్టలు తీస్తూ చూసి, "అన్నయ్యగారూ, తోకచుక్కండీ, అదిగో" అని ఈయనకే చూపించింది. ఆ వేసంగి అంతా ఆయన కొట్టు రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచే ఉంది.

తోకచుక్క అన్నది కాస్త కష్టపడితేనే కనబడాలి. అప్పుడే ఆయనకి పని. 2020 జూలైలో నియోవైజ్ వచ్చినప్పుడు కష్టం మరీ ఎక్కువైపోయింది. సప్తర్షుల కింద ఉందని తెలుసు, వానాకాలం మబ్బు దాటి చూడ్డం ఎలాగో తెలీదు. దానికి తోడు కరోనా. ఆరడుగుల దూరంలో మాస్కు కట్టుకుని నిలబడ్డవాడి తల తిప్పడం ఎలాగ? ఆ నెలలో ఆయన చేతులు ఊరికే పడున్నాయి.

ఆయన మహర్దశ 2024 అక్టోబరు. చైనాలో ఒక నక్షత్రశాలా, దక్షిణాఫ్రికాలో ఉన్న అట్లాస్ టెలిస్కోపూ 2023లో కనిపెట్టిన తోకచుక్క అది. పేరు సుచిన్‌షాన్-అట్లాస్. వెనకటికి మనుషుల పేర్లుండేవి. హైదరాబాదులో పెరిగిన వైను బప్పు హార్వర్డులో చదువుకుంటూ 1949లో ఒకదాన్ని పట్టి, బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరెక్కించుకున్నాడు. ఇప్పుడన్నీ యంత్రాల పేర్లే అని ఆయనకి దిగులు. సుచిన్‌షాన్ అన్న పేరు ఊళ్ళో పడ్డ పాట్లు వేరే. గట్టు మీదికొచ్చిన ముసలమ్మ ఒకావిడ, "సూపించేను, సూపించేను అంటాడు గానీ ఎక్కడ సూపించేడు?" అని నిలదీసింది. ఆవిడే ఇంకొకటి కూడా అడిగింది. "తోకసుక్క పుడితే రాజు పోతాడంటారు కదా బావూ. ఇప్పుడు రాజుల్లేరు. ఎమ్మార్వో గానీ మారతాడేటి?" అంత దూరం నుంచి వచ్చిన తోకచుక్క ట్రాన్స్‌ఫర్ల కోసం రాలేదని చెప్పడానికి ఆయన చాలా ప్రయత్నించాడు. ఆవిడకి పట్టాదారు పాస్‌బుక్కు పని ఆగిపోయి ఉంది, ఆశ వదులుకోలేదు.

ఆ నెల 12న దసరా. ఆ రోజే అది భూమికి బాగా దగ్గరకి, అంటే ఏడు కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. అప్పట్నుంచి సాయంత్రాలు పడమటి ఆకాశంలోకి ఎక్కింది. మా ఊరి చిక్కేమిటంటే మాకు తూర్పు కనుమలు పడమట ఉంటాయి. కింద ఉన్నన్నాళ్ళూ కొండలు అడ్డం. రోజురోజుకీ పైకి లేచేసరికి అది మసకబారడం మొదలెట్టింది. ఈలోగా 17న పౌర్ణమి. ఎడమపక్క శుక్రుడు ధగధగలాడుతుంటే వచ్చినవాళ్ళలో సగం మంది అదే తోకచుక్కని తీర్మానించుకుని తృప్తిగా ఇళ్ళకి పోయారు. మొదట్లో వెనక్కి పిలిచి దిద్దేవాడు. తర్వాత వదిలేశాడు.

మిగిలినవాళ్ళకి శిక్షణ. చీకటికి కన్ను అలవాటు పడ్డానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఇరవయ్యో నిమిషంలో సాలూరు లారీ ఒకటి హైబీము వేసుకుని వచ్చేది, మళ్ళీ మొదటికి. ఇంకొక కిటుకు, దాన్ని సూటిగా చూడకూడదు. సన్నటి వెలుతుర్ని పట్టే కణాలు కంటికి నడిమధ్యన ఉండవు, చుట్టుపక్కల ఉంటాయి. అందుకని చూపు కాస్త పక్కకి పెట్టి, దాన్ని ఓరగా గమనించాలి. ఆయన బోధన ఇదీ: "పెళ్ళిచూపులకెల్లినప్పుడు మావగారితో మాట్లాడతా పిల్లని సూళ్ళేదేటి? అలాగ." ఇంతకన్నా బాగా చెప్పిన పుస్తకం నేను చూళ్ళేదు. పెళ్ళి కానివాళ్ళకి మాత్రం ఆ రోజు ఏమీ కనబడలేదు.

ఇంజనీరింగు చదివే మేనల్లుడు ఒకడున్నాడు. గట్టు మీద రాయికి ఫోను ఆనించి, పది సెకన్లు కదలకుండా ఉంచి తీశాడు. తోకతో సహా, కొబ్బరిచెట్టుతో సహా స్పష్టంగా పడింది. జనమంతా ఆకాశాన్ని వదిలేసి ఫోను చుట్టూ మూగారు. "అది ఫోను సూసింది, నువ్వు సూళ్ళేదు" అని మావయ్య మండిపడ్డాడు. పది సెకన్ల వెలుతుర్ని పోగుచేసుకోవడం కన్నుకి చేతకాదు, యంత్రానికి చేతనవుతుంది, దాన్ని చూడ్డమంటారా అన్నది ఆయన వాదన. వాదనలో బలముంది. మర్నాడు ఉదయం ఆయన వాట్సాప్ డీపీ మాత్రం ఆ బొమ్మే.

15న మంగళవారం, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. జిల్లా జిల్లా అంతా కదిలే రోజు. "సిరిమాను ఏటేటా వస్తాది, ఇది మళ్ళీ రాదు" అని ఆయన ఇంట్లో ఒక్కసారే అన్నాడు. రెండోసారి అనకుండానే బస్సెక్కాడు. అమ్మవారి పూజారి కొననెక్కి కూర్చున్న మాను మూడుసార్లు గుడికీ కోటకీ మధ్య తిరగడం భక్తిగానే చూశాడు. అయిపోయి జనం చెదురుతుండగా టైము చూసుకున్నాడు. ఆరుంబావు. పడమట మబ్బు. ఐనా మబ్బులో ఏ మూల ఉందో ఆయనకి తెలుసు కదా, అలవాటు చొప్పున చెయ్యెత్తి వేలు చూపించాడు. పక్కన నిలబడ్డ కుటుంబం సిరిమాను మళ్ళీ తిరుగుతోందనుకుని దణ్ణం పెట్టింది. వాళ్ళని చూసి వెనకవాళ్ళు. వాళ్ళని చూసి ఇంకా వెనకవాళ్ళు. చంటిపిల్లల్ని భుజాల మీదికెత్తారు. ఇన్నేళ్ళలో ఆయన వేలు చూపించగానే ఇంతమంది ఎదురు ప్రశ్న వెయ్యకుండా చూసింది అదొక్కసారే. చెయ్యి దించడానికి ఆయనకి మనసొప్పలేదు. వాళ్ళావిడే దించింది.

2025లో లెమ్మన్ తోకచుక్క వచ్చింది. అది మరీ మసక. పైగా భూమికి దగ్గరగా వచ్చేది అక్టోబరు 21న, దీపావళేమో 20న. సాయంత్రం ఆరున్నరకి వీధంతా పొగ. ఆకాశంలో ఎటు చూసినా తోకలున్న చుక్కలే, తారాజువ్వలు. వాయవ్యం వైపు ఒక్క పదినిమిషాలు ఖాళీ ఇమ్మని ఆయన వీధి పిల్లల్ని బతిమాలాడు. వాళ్ళు ఇవ్వలేదు. చివరికి బేరానికి దిగి, వాళ్ళ దగ్గరున్న జువ్వలన్నీ కొన్న ధరకి ఒకటిన్నర రెట్లిచ్చి కొనేసి, సంచీలో వేసుకుని మేడెక్కాడు. పొగ కాస్త విచ్చుకుంది. ఒక వాటాదారుణ్ణి పట్టుకుని తల తిప్పుతుండగానే కిందనుంచి రయ్యిమని లేచింది ఒకటి, ఇందాకటి వాటికన్నా పెద్దది. పిల్లలు ఆయనిచ్చిన డబ్బుతో మెయిన్‌రోడ్డుకెళ్ళి మళ్ళీ కొనుక్కొచ్చారు. ఆయన పిట్టగోడ మీంచి వంగి అరవబోయేంతలో, వాళ్ళలో బుడ్డోడొకడు పైకి చూసి అడిగాడు: "తాతా, ఇవి కూడా కొంటావేటి?"